పాట దగ్గరే ఆగిపోయిన చెవి
(కె. విశ్వనాథ్ స్మారకోపన్యాసం పాఠం)



విశ్వనాథ్ గారి పేరు చెప్పగానే ఎవరికైనా ముందు పాట గుర్తొస్తుంది. ఆ తర్వాత నాట్యం, ఆ తర్వాత సంప్రదాయం గురించిన చర్చ. ఆయన సినిమాల్లోకి ఏ గుమ్మం గుండా వచ్చారన్నది మాత్రం అంత తొందరగా ఎవరికీ తట్టదు. గుంటూరులో డిగ్రీ చదువుకున్న ఆ కుర్రవాడు మద్రాసు వెళ్లి చేరింది దర్శకత్వ శాఖలో కాదు, సంగీత శాఖలోనూ కాదు. వాహినీ స్టూడియో సౌండ్ డిపార్ట్‌మెంటులో, ఎ. కృష్ణన్ గారి దగ్గర. ఆదుర్తి సుబ్బారావు గారి దగ్గర సహాయకుడిగా చేరడం, ‘ఆత్మగౌరవం’తో దర్శకుడు కావడం, 1980 ఫిబ్రవరి 2న ‘శంకరాభరణం’ విడుదల, ఇవన్నీ ఆ తర్వాతి కథ. దర్శకుడిగా ఎంత పేరొచ్చినా సెట్లో ఖాకీ బట్టల్లోనే ఉండేవారు.

ఆ మొదటి ఉద్యోగం గురించే ఈ రోజు మాట్లాడాలనుకుంటున్నాను. నేను మిక్సింగ్ గదిలో బతుకుతున్నవాణ్ణి. మాటల ట్రాకు, పాటల ట్రాకు, ఎఫెక్ట్స్ ట్రాకు మూడూ కలిపి ఒక్క సినిమాగా చేసి థియేటరుకు పంపడం నా వృత్తి. ఆ కుర్చీలో కూర్చుని విశ్వనాథ్ గారి సినిమాలు విన్న కొద్దీ నాకు ఒక సంగతి గట్టిగా అనిపిస్తూ వచ్చింది. తెలుగువాళ్లం సినిమా పాటను ప్రాణంగా చూసుకున్నాం. సినిమా శబ్దాన్ని పట్టించుకోలేదు. మన చెవి పాట దగ్గరే ఆగిపోయింది. పాట అయిపోయాక కూడా వింటూ ఉండమని అడిగిన కొద్దిమందిలో ఆయన ఒకరు.

ఆయన వాహినీలో చేరిన కాలానికి శబ్దగ్రాహకుడి పని ఎలా ఉండేదో కాస్త చెప్పాలి. అప్పటి పద్ధతిలో మాటను ఫిలిం మీదే పట్టేవారు. మైకు అందుకున్న గొంతు విద్యుత్తుగా మారుతుంది, ఆ విద్యుత్తు ఒక సన్నటి వెలుగును ఆడిస్తుంది, ఆ వెలుగు ఫిలిం అంచున గీతలా అచ్చవుతుంది. ల్యాబులో కడిగి ప్రింటు వేసేదాకా ఏం పట్టుబడిందో వినడానికి లేదు. 1950ల్లో మాగ్నెటిక్ టేపు వచ్చాక ఈ బాధ తగ్గింది కానీ, ఆ పాత పద్ధతిలో పనిచేసిన వాళ్ల చెవులు వేరు. టేకు నడుస్తుండగానే వాళ్లు తేల్చుకోవాలి. మాట మింగేశాడా, గాజులు మాట మీద పడ్డాయా, దూరంగా ఎవరైనా దగ్గారా? దర్శకుడి కంటికి ఎంత బాగున్న టేకైనా సౌండ్ వాళ్లు ఎన్.జి. అన్నారంటే మళ్లీ తీయాల్సిందే. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్న మనిషికి నటుడి ముఖం ఎక్కడో దూరంగా ఉంటుంది, ఊపిరి మాత్రం చెవి పక్కనే ఉంటుంది. మాటకు ముందు తీసుకునే గాలి, మాట ఆపేశాక గొంతులో మిగిలిపోయే తడి, ఇవి అతనికి తెలిసినంతగా సెట్లో ఇంకెవరికీ తెలియవు. యౌవనంలో కొన్నేళ్ల పాటు ఇలా విన్న మనిషి తర్వాత సినిమా తీస్తే, ఆ సినిమా విని తీసిన సినిమాయే అవుతుంది.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్తాను. 1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్ థియేటర్లో ‘ఆలమ్ ఆరా’ విడుదలైంది. స్టూడియో పక్కనే రైలు పట్టాలు ఉండటంతో రైళ్ల రాకపోకలు తగ్గిన రాత్రివేళల్లో దాన్ని ఎక్కువగా తీశారు. మైకులు కెమెరాకు కనబడకుండా దాచారు. నటులే పాడారు, వాద్యాలవాళ్లు ఫ్రేము బయట నక్కి కూర్చుని వాయించారు. మన ‘భక్త ప్రహ్లాద’ కూడా బొంబాయిలోనే హెచ్.ఎం. రెడ్డి గారి చేతిమీదుగా ఆ రోజుల్లోనే తయారైంది. ఈ రెండింటిలోనూ వేషాలు వేసిన ఎల్.వి. ప్రసాద్ గారు తర్వాత తెలుగు సినిమాకు ఎంత పెద్ద దిక్కయ్యారో మీకు చెప్పనక్కర్లేదు. ఆ తొలినాళ్ల టాకీల్లో మాట, పాట, వాద్యం, ఆ గదిలోని గాలి, అన్నీ ఒక్కసారే మైకులో పడేవి.

1935లో కలకత్తా న్యూ థియేటర్స్ వాళ్లు ‘ధూప్ ఛావ్’తో ప్లేబ్యాక్ తెచ్చారు. పాట ముందే రికార్డయింది, నటులు దానికి పెదవులు కదిపారు. మనకు ఘంటసాల, సుశీల, జానకి, బాలసుబ్రహ్మణ్యం దొరికింది ఆ మార్పు వల్లనే. దాన్ని ఎవరూ తప్పు పట్టలేరు, నేనూ పట్టను. అయితే నటుడి నోటి నుంచి ముందు పాట విడిపోయింది. సినిమా స్టూడియో గోడలు దాటి ఊళ్లకు వెళ్లడం మొదలయ్యాక మాట కూడా విడిపోయింది. చేతిలో పట్టుకుని తిరగడానికి వీలైన ఆరిఫ్లెక్స్ కెమెరా గరగరమని మోత చేస్తుంది. ఔట్‌డోర్ షూటింగంటే జనం, అరుపులు, జనరేటరు. నటీనటుల్లో కొందరికి తెలుగు రాదు. దాంతో షూటింగులో పట్టిన మాటను గైడ్ ట్రాకుగా మాత్రమే వాడి, తర్వాత మద్రాసు డబ్బింగ్ థియేటర్లో మళ్లీ చెప్పించారు. ఒక్కో డైలాగున్న ఫిలిం ముక్కను రెండు కొసలూ అతికించి లూపు చేసి తిప్పుతుంటే, తెరమీద అదే పెదవి మళ్లీ మళ్లీ కదులుతుంటే, మైకు ముందు నిలబడి సరిపోయేదాకా చెప్పాలి. ఎంత కష్టమైన పనో చేసినవాళ్లకే తెలుసు. మన డబ్బింగ్ కళాకారుల ప్రతిభ మీద నాకు అపారమైన గౌరవం ఉంది.

కానీ ఆ గైడ్ ట్రాకుతో పాటు ఇంకోటి కూడా పోయింది. ఆ చోటు తాలూకు చప్పుడు పోయింది.

దీన్ని నేను చిన్న నష్టంగా చూడలేను. గోదావరిని మన సినిమా ఎంత చూపించింది! బాపు గారు ‘అందాల రాముడు’లో నది పొడవునా లాంచీలో తిప్పారు. తర్వాత ఎంతమంది వెళ్లలేదు ఆ ఒడ్డుకు! గోదావరి ఎలా ఉంటుందో మూడు తరాల తెలుగువాళ్లకు సినిమాయే చూపించింది. గోదావరి ఎలా వినిపిస్తుందో మాత్రం ఆ సినిమాలను అడిగితే చెప్పలేవు. లాంచీ ఇంజను దడ నీటి మీద ఎంత దూరం పాకుతుంది, రేవులో బట్టలుతికే దెబ్బ అవతలి గట్టున ఎంతసేపటికి తిరిగి వినిపిస్తుంది, పాపికొండల మధ్యకు వెళ్లాక అదే ఇంజను మోత ఎలా మారుతుంది, వీటిని పట్టుకోవలసిన సమయంలో పట్టుకోలేదు. వాటి బదులు స్టూడియో అలమరలోంచి తీసిన ఎఫెక్టు రీలు వేశాం. కోనసీమలో కూసినదీ, కడపలో కూసినదీ ఒకటే కోడి. తెలంగాణ పల్లెలో రాత్రికీ, కృష్ణా డెల్టాలో రాత్రికీ ఒకటే కీచురాయి. డెల్టాలో వానాకాలపు రాత్రి కప్పలతో హోరెత్తిపోతుందని, రాతినేల మీద ఊళ్లలో అదే రాత్రి దాదాపు నిశ్శబ్దంగా ఉంటుందని అక్కడ పుట్టినవాళ్లకు తెలుసు, మన సినిమాకు తెలియలేదు. గిలక చప్పుడు, రోకటి పోటు, మోట తోలేవాడి కేక, పిండిమర, ఇవన్నీ ఊళ్లలోంచి వెళ్లిపోయాయి. అవి బతికి ఉన్న రోజుల్లో వాటి ముందు కెమెరా పెట్టాం, మైకు పెట్టలేదు.

విశ్వనాథ్ గారి సినిమాలు కూడా ఈ డబ్బింగ్ పద్ధతిలోనే తయారయ్యాయి. ఆయన ఆ పద్ధతిని మార్చలేదు. అయితే వినడమన్నదాన్నే కథగా చేసుకున్నారు. అది వాహినీ నుంచి తెచ్చుకున్న ఆస్తి అని నా నమ్మకం.

‘సిరిసిరిమువ్వ’ చూడండి, 1976. జయప్రద గారి పాత్ర మూగది. ఈ సంగతిని మనం జాలికథగా చూసి వదిలేస్తాం. మిక్సింగ్ గదిలో కూర్చున్నవాడికి అది ఇంకోలా కనిపిస్తుంది. తెరమీద కదిలిన ప్రతి పెదవికీ మరొకరి గొంతు అతికించే రోజుల్లో, డబ్బింగ్ చెప్పడానికి ఒక్క మాట కూడా లేని కథానాయికను ఆయన తెరమీద నిలబెట్టారు. మాటల ట్రాకులో ఆమె స్థానం ఖాళీ. ఆ ఖాళీని మువ్వలతో, చంద్రమోహన్ గారి పాత్ర వాయించే వాద్యంతో నింపాల్సి వచ్చింది. అతను కొడితే ఆమె పలుకుతుంది. ఆమె మనసులో మాట మనకు తెలియాలంటే వినక తప్పదు, చూస్తే సరిపోదు. సౌండ్ డిపార్ట్‌మెంటులో పనిచేసిన మనిషికి తప్ప ఇంకెవరికి వస్తుంది ఈ ఆలోచన!

దానికి పదేళ్ల తర్వాత ‘సిరివెన్నెల’. నా దృష్టిలో శబ్దం గురించి తెలుగులో వచ్చిన అన్నిటికంటే లోతైన సినిమా అది. వేణువు వాయించే కథానాయకుడికి చూపు లేదు, బొమ్మలు వేసే కథానాయికకు మాట లేదు. అతను వింటాడు, ఆమె చూస్తుంది. సినిమా అనేది రెండు పట్టీలుగా తయారవుతుంది. ఒకటి బొమ్మ, ఒకటి ధ్వని. ఎడిటింగ్ బల్ల మీద ఆ రెండూ విడివిడిగా పరుగెడుతుంటాయి. ప్రింటులో కూడా ఒకదాని పక్కన ఒకటి ఉండవు. 35 ఎం.ఎం. ఫిలిం మీద ధ్వని, తన బొమ్మ కంటే దాదాపు 20 ఫ్రేములు ముందు అచ్చయి ఉంటుంది. ప్రొజెక్టరులో దీపం దగ్గరికి బొమ్మ, దిగువన ధ్వనిని చదివే చోటికి ధ్వని ఒకేసారి చేరితేనే అవి కలుస్తాయి. విశ్వనాథ్ గారు ఈ రెండు పట్టీలను ఇద్దరు మనుషులకు పంచిపెట్టారు. అతనికి ధ్వని, ఆమెకు బొమ్మ. వాళ్లిద్దరూ ఒకరికొకరు పూర్తిగా ఎప్పటికీ అందరు. ఇద్దరినీ కలిపి చూస్తూ వింటున్నది ప్రేక్షకుడు ఒక్కడే. ప్రేమకథ లోపల సినిమా నిర్మాణమే కథగా ఉంది. ఆయన ఇలాగే అనుకుని రాశారని నేను చెప్పడం లేదు. చెవి ద్వారా సినిమాలోకి వచ్చిన మనిషికి ఈ కథ తట్టడం సహజమని మాత్రం చెబుతున్నాను.

ఆ సినిమాలో వేణువు వాయించింది హరిప్రసాద్ చౌరాసియా గారు, సంగీతం కె.వి. మహదేవన్ గారు. పాటలు రాసిన కొత్త కవికి ఆ సినిమా పేరే ఇంటిపేరయింది. అందరికీ తెలిసిన విషయాలే ఇవి. నేను గుర్తుచేయదలచుకున్నది మహదేవన్ గారి పద్ధతి. ఆయన మామూలుగా ముందు బాణీ కట్టి కవిని నింపమనేవారు కాదు. రాసిన మాట చేతికొచ్చాకే బాణీ. ఆ మాటలో గురువెక్కడుందో, లఘువెక్కడుందో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అదే బాణీని నడిపించేది. పక్కనే సహాయకుడు పుహళేంది గారు స్వరాలు రాసుకునేవారు. మాటను విని సంగీతం చేసే సంగీత దర్శకుడు, వినడం వృత్తిగా మొదలైన దర్శకుడు, వీళ్లిద్దరూ అన్నేళ్లు కలిసి పనిచేయడం కాకతాళీయం కాదు.

‘సాగరసంగమం’లో ఒక ఘట్టం ఉంది. లోపల పెళ్లివారి ముందు మంజుభార్గవి గారి నాట్యం, వెలుపల వంటల దగ్గర కమల్‌హాసన్ గారి బాలు. అతని తల్లి వంటమనిషి. లోపల జరుగుతున్న కచేరీలోకి అతనికి ప్రవేశం లేదు. కానీ పాటకు గోడ అడ్డు కాదు కదా. లోపలి పాటకే అతను బయట ఆడతాడు. తెరమీద రెండు చోట్లు, రెండు తరగతులు, ఇద్దరు నర్తకులు. పాట ఒక్కటే. ఒక షాటు వేదిక మీద, ఒక షాటు పొయ్యిల మధ్య. వాటిని కలుపుతున్నది ధ్వని తప్ప మరేదీ లేదు. పేదవాడి ప్రతిభ గురించి ఇందులో ఒక్క డైలాగు అవసరం పడలేదు. లోపలి నుంచి పాట బయటికి వచ్చింది, బయట నుంచి మనిషి లోపలికి పోలేకపోయాడు. అంతా అందులోనే ఉంది. ఆ సినిమాకు ఇళయరాజా గారికి, బాలసుబ్రహ్మణ్యం గారికి జాతీయ పురస్కారాలు వచ్చాయి.

‘శంకరాభరణం’ చివరి కచేరీ గురించి చాలామంది చాలా రాశారు కాబట్టి ఒక్క మాటే అంటాను. వేదిక మీద శాస్త్రి గారు కుప్పకూలినప్పుడు పాట తెగిపోదు. శిష్యుడైన పిల్లవాడు అందుకుంటాడు. విద్య ఒక తరం నుంచి ఇంకో తరానికి చేరిందని చెప్పడానికి బొమ్మలో ఎన్ని ఏర్పాట్లు చేసినా, అసలు చెప్పింది మాత్రం తెగని ఆ నాదమే.

పాట గురించి కాక, తెలుగులో రీరికార్డింగ్ అని, పొట్టిగా ఆర్.ఆర్. అని మనం పిలిచే నేపథ్య సంగీతం గురించి ఇప్పుడు. ఇళయరాజా గారు పదేసి నిమిషాల రీలును ఒకసారి వేయించుకుని చూసి, హార్మోనియం జోలికి కూడా వెళ్లకుండా కాగితం మీద నేరుగా స్వరాలు రాసి, వాద్యకారులకు పంచిపెట్టి అప్పటికప్పుడు రికార్డు చేసేవారని ఆ గదిలో కూర్చున్నవాళ్లు చెబుతారు. ఆ వేగం మీద అందరికీ ఆశ్చర్యం. నాకు మాత్రం ఆయన ఎక్కడ మొదలుపెడతారు, ఎక్కడ వదిలేస్తారు అన్నదే పెద్ద పాఠం. పాత్ర ఏడ్చినప్పుడు కాదు, ఏడుపు ఆపుకున్నప్పుడు వయొలిన్లు వస్తాయి. దెబ్బ పడినప్పుడు కాదు, పడిన దెబ్బ అర్థమైనప్పుడు వస్తాయి. ఎక్కడ చేరాలో తెలిసిన సంగీతం నటుడికి సాయం చేస్తుంది. ఎక్కడపడితే అక్కడ చేరే సంగీతం ప్రేక్షకుడికి తన బుర్ర మీద నమ్మకం లేకుండా చేస్తుంది.

ఇందుకు నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ మన భాషది కాదు. 1955లో వచ్చిన సత్యజిత్ రే ‘పథేర్ పాంచాలి’. అందులో హరిహర్ చాలా కాలానికి ఇల్లు చేరతాడు. తాను లేనప్పుడు కూతురు దుర్గ చనిపోయిందని అతనికి తెలియదు. తెచ్చిన వస్తువులు ఒక్కొక్కటీ తీసి భార్య సర్వజయ చేతికిస్తాడు, చివరికి దుర్గ కోసం తెచ్చిన చీర. సర్వజయ ఆ చీరను పట్టుకుని, అంతవరకూ బిగబట్టుకున్నదంతా ఒక్కసారి తెగి, భోరుమంటుంది. ఆ ఏడుపు మనకు వినబడదు. నటి నోరు తెరుచుకుంటుంది, గొంతు రాదు. ఆ చోట తార్ షహనాయి పటదీప్ రాగంలో పైస్థాయిలో అరుస్తుంది. ఎస్రాజ్‌కు లోహపు గరాటు తగిలిస్తే వచ్చే వాద్యం అది, మనిషి గొంతుకు బాగా దగ్గరగా ఉంటుంది. వాయించినవారు దక్షిణామోహన్ ఠాకూర్. రవిశంకర్ గారు ఆ సినిమా సంగీతాన్ని చాలావరకు ఒక్క రాత్రిలో రికార్డు చేసి ఇచ్చారు.

ఈ ఘట్టాన్ని నేను మా కుర్రవాళ్లకు చూపించేటప్పుడు ఒక ప్రశ్న అడుగుతుంటాను. రే ఇక్కడ సంగీతం కలిపాడా, తీసేశాడా? చాలామంది కలిపాడంటారు. చూడండి, ఆయన ముందు ఏడుపును తీసేశాడు. తల్లి ఏడుపును ఏ నటి గొంతుతోనైనా వినిపిస్తే అది ఆ తల్లి ఒక్కదాని ఏడుపే అవుతుంది, మనం దాన్ని బయట నిలబడి వింటాం. గొంతును తీసేశాక మిగిలిన ఖాళీలోకి మన ఇంటి ఏడుపు ఏదో వచ్చి చేరుతుంది. ఏడుపు, వాద్యం రెండూ కలిపి వేసి ఉంటే ఒకదాన్ని ఒకటి చంపుకునేవి. మన సినిమాల్లో తొంభై పాళ్లు అదే చేస్తాం. ఏడుపూ ఉంటుంది, వయొలిన్లూ ఉంటాయి, దాని మీద ఓ ఉరుము కూడా ఉంటుంది.

నేను సంగీతానికి ఎదురు మాట్లాడుతున్నానని ఎవరూ అనుకోవద్దు. ‘సైకో’ స్నానాల గది హత్యకు అసలు సంగీతమే వద్దన్నాడు హిచ్‌కాక్. బెర్నార్డ్ హెర్మన్ మాట వినకుండా ఒట్టి తీగవాద్యాలతో ఓ ముక్క రాసుకొచ్చాడు. విన్నాక హిచ్‌కాక్ తన మాట వెనక్కి తీసుకున్నాడు. ఆ కీచు లేకుండా ఆ దృశ్యాన్ని ఇప్పుడు ఊహించలేం. మూడేళ్లకే అదే హిచ్‌కాక్, అదే హెర్మన్‌ను పక్కన పెట్టుకుని, 1963లో ‘ది బర్డ్స్’ను నేపథ్య సంగీతం లేకుండా తీశాడు. పక్షుల అరుపులు, రెక్కల చప్పుళ్లు ట్రౌటోనియం అనే ఎలక్ట్రానిక్ వాద్యం మీద తయారు చేయించాడు. ఆ సినిమాకు హెర్మన్ హోదా ధ్వని సలహాదారు. సంగీత దర్శకుడు ఒక్క స్వరం రాయకుండా సినిమాకు పనిచేయడమనేది మన దగ్గర ఊహకైనా అందుతుందా? ఎంత వాయించారన్నదాన్ని బట్టి పారితోషికం, పేరు నిర్ణయమయ్యే చోట అది కష్టం. కానీ అదీ సంగీత దర్శకుడి పనే.

ఇప్పటి పరిస్థితికి వస్తాను. ఇప్పుడు మన దగ్గర ఏ లోటూ లేదు. డాల్బీ అట్మాస్ వచ్చింది, తలమీద కూడా స్పీకర్లున్నాయి. ‘ఆర్.ఆర్.ఆర్.’ పాటకు 2023లో ఆస్కార్ వచ్చింది, అంతకుముందు 2009లో రసూల్ పూకుట్టి గారికి శబ్దమిశ్రమానికి వచ్చింది. ‘లగాన్’ 2001లోనే అంత జనంతో, అంత మైదానంలో షూటింగు జరుగుతుండగానే మాటలు పట్టి చూపించింది. ‘కేరాఫ్ కంచరపాలెం’లో ఆ పేట మనుషులే వేషాలు వేస్తే, వాళ్ల యాస వాళ్ల నోటనే విన్నాం. విశాఖ గాలి ఎలా ఉంటుందో ఆ సినిమాలో చెవికి తగిలింది. అలాంటివి చూసినప్పుడు నాకు ప్రాణం లేచి వస్తుంది.

అయినా నా గదిలో నాకు ఎక్కువసార్లు వినిపించే మాట ఒకటే. ‘ఎఫెక్ట్స్ తగ్గించి ఆర్.ఆర్. లేపండి సార్.’

ఒక ఉదాహరణ చెబుతాను. సినిమా పేరు అనవసరం. రాత్రి పొద్దుపోయి ఇంటికి వచ్చిన కొడుకుకు తల్లి అన్నం పెడుతోంది. కొడుకు ఉద్యోగం పోయింది, చెప్పలేదు. మా ఎఫెక్ట్స్ కుర్రవాడు ఎంతో శ్రద్ధగా ట్రాకు కట్టాడు. గిన్నెలో అడుగంటిన అన్నాన్ని గరిటెతో గీకిన చప్పుడు, స్టీలు కంచం గచ్చు మీద కొంచెం జరిగిన చప్పుడు, వీధిలో ఎవరిదో స్కూటరు ఆగి గేటు తీసిన చప్పుడు. ఆ గరిటె గీకుడులోనే తెలుస్తుంది, తల్లికి అన్నం మిగల్లేదని. కథలో ఎవరూ ఆ మాట అనరు. మిక్సింగులో ఆ గీకుడు మీదికి ముప్పై మంది వయొలిన్లు వచ్చాయి. తల్లి ప్రేమ అని అందరికీ తెలిసింది. తల్లి ఆకలి ఎవరికీ తెలియలేదు. నేను వాదించాను, ఒప్పించలేకపోయాను.

గట్టిదనం సంగతి కూడా ఇంతే. థియేటర్లో ధ్వని స్థాయికి ఒక ప్రమాణం ఉంది. డాల్బీ ప్రాసెసరు మీద 7 దగ్గర పెడితే తెరవెనుక ఒక్కో స్పీకరూ 85 డెసిబెల్స్‌కు సరిచేసి ఉంటుంది. అదే కొలతలో మేం మిక్సు చేస్తాం. సినిమా మరీ గట్టిగా ఉందని ప్రేక్షకులు గోల పెడితే థియేటరువాళ్లు దాన్ని 5కో, 4కో దించుతారు. అప్పుడు మాటలు వినబడవు. మాటలు వినబడట్లేదని నిర్మాత మా దగ్గరికి వచ్చి ఇంకా పెంచమంటాడు. పెంచితే థియేటరువాళ్లు ఇంకా దించుతారు. ఈ గొడవలో నలిగిపోయేది మెల్లని చప్పుడే. గుసగుస, ఆకు కదలిక, గరిటె గీకుడు, ఇవన్నీ ఆ దించిన కొలతలో నేలకింద పడిపోతాయి. గట్టి చప్పుడుకు విలువ వచ్చేది పక్కన మెల్లనిది ఉంటేనే. ఈ చిక్కు ఒక్క నిర్మాతో, ఒక్క థియేటరో విప్పగలిగేది కాదు. మిక్సింగ్ వాళ్లు, ఎగ్జిబిటర్లు కూర్చుని ఒకే కొలతకు ఒప్పుకోవాలి.

దర్శకులయ్యే కుర్రవాళ్లు ఈ సభలో చాలామంది కనిపిస్తున్నారు. స్క్రిప్టులో మీరు ‘రాత్రి, ఇంటి లోపల’ అని రాస్తారు. ఆ ఇంట్లో ఆ రాత్రి ఏం వినబడుతుందో కూడా అక్కడే రాయండి. లొకేషన్ చూడటానికి వెళ్లినప్పుడు కెమెరామన్‌తో పాటు సౌండ్ మనిషిని తీసుకెళ్లండి. షూటింగు అయ్యాక, అందరూ సర్దుకునే ముందు, ఆ చోటిని ఊరికే రెండు నిమిషాలు రికార్డు చేయించండి. రూమ్ టోన్ అంటాం దాన్ని. యూనిట్‌లో వందమంది రెండు నిమిషాలు కదలకుండా నిలబడాలి, దానికి డబ్బు ఖర్చు లేదు, దర్శకుడి మాట బలం కావాలి. మీ సినిమా ఆడినా ఆడకపోయినా ఆ ఊరి రెండు నిమిషాలు మిగులుతాయి.

చివరగా ఒక పని గురించి అడుగుతాను. ‘ఆలమ్ ఆరా’ ప్రింటు ఈ రోజు ఎక్కడా లేదు. ‘భక్త ప్రహ్లాద’ కూడా లేదు. తొలి తెలుగు టాకీ ఎలా మాట్లాడిందో వినే భాగ్యం మనకు పోయింది. ఆ తర్వాతి సినిమాల ప్రింట్లు కొన్ని దక్కాయి, కొన్నిటికి రంగులద్దారు, బొమ్మను శుభ్రం చేసి మళ్లీ విడుదల చేస్తున్నారు. సంతోషం. కానీ రీస్టోరేషన్ అనగానే అందరూ బొమ్మ గురించే మాట్లాడతారు. అసలు మిక్సింగుకు ముందున్న విడివిడి ట్రాకులు, మాటలు ఒకటి, ఎఫెక్ట్స్ ఒకటి, రీరికార్డింగ్ ఒకటి, మాగ్నెటిక్ ఫిలిం మీద డబ్బాల్లో ఉండేవి. ఆ ఫిలిం అసిటేట్ మీద ఇనుప ఆక్సైడ్ పూసి చేసింది. తేమలో, వేడిలో అది పులిసిపోతుంది, డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన గుప్పుమంటుంది. ఇనుము ఉండటం వల్ల మామూలు ఫిలిం కంటే ఇది ఇంకా తొందరగా పాడవుతుంది. చెన్నైలో మూతపడిన స్టూడియోల గోడౌన్లలో, నిర్మాతల వారసుల ఇళ్లలో అటకల మీద ఇంకా కొన్ని ఉండవచ్చు. 1964 నుంచి పుణేలో జాతీయ ఫిలిం ఆర్కైవు ఉంది, అక్కడికి నెగటివులు, ప్రింట్లు పంపాలన్న స్పృహ ఇప్పటికి కొంత వచ్చింది. ధ్వని డబ్బాల గురించి అడిగేవాళ్లు లేరు.

విశ్వనాథ్ గారి సినిమాలతోనే మొదలుపెడదాం. ‘సిరిసిరిమువ్వ’, ‘శంకరాభరణం’, ‘సాగరసంగమం’, ‘సిరివెన్నెల’, ఈ నాలుగింటి ధ్వని ట్రాకులు ఎవరి దగ్గర, ఏ స్థితిలో ఉన్నాయో ముందు ఒక జాబితా రాయాలి. దొరికినవాటిని పులుపు ముదరకముందే డిజిటల్‌లోకి ఎక్కించాలి. ఆ రోజుల్లో మద్రాసులో ఎఫెక్ట్స్ కట్టిన పెద్దలు ఇంకా కొందరున్నారు, ఏ చప్పుడు దేనితో చేశారో వాళ్లను కూర్చోబెట్టి చెప్పించుకుని రికార్డు చేయాలి. డబ్బాలు వెతకడానికి, తెరవడానికి, శుభ్రం చేసి ఎక్కించడానికి నేను, మా కుర్రవాళ్లు జీతం అడగకుండా పనిచేస్తాం. మెషీన్లున్న గది కూడా మాదే వాడుకోవచ్చు. సినిమాల హక్కులున్నవాళ్లు ఈ సభలో ఎవరైనా ఉంటే, లేదా వాళ్లు మీకు తెలిసి ఉంటే, ఇక్కడి నుంచి వెళ్లేలోపు నాతో ఒక్క మాట చెప్పండి.